రెక్టమ్ క్యాన్సర్ సర్జరీలో అసలు చూడాల్సింది కవర్‌ని

"రోబోతో చేయించాం అండీ, ఇక మళ్ళీ వచ్చే ప్రసక్తే లేదు." ఈ మాట విన్న ప్రతిసారీ నాకు ఒళ్ళు మండుతుంది. దీనికి తోబుట్టువు లాంటి మాట ఇంకొకటి ఉంది: "గడ్డ మొత్తం తీసేశామన్నారు కదా, మరి అదే చోట మళ్ళీ ఎలా వచ్చింది?" రెండూ ఒకే అపోహ. క్యాన్సర్ ఆపరేషన్ అంటే గడ్డని కోసి బయట పడేయడం, మెషీన్ ఎంత ఖరీదైతే కోత అంత గొప్పది అనుకోవడం.

ఇవాళ రెక్టమ్ గురించే మాట్లాడతాను, అంటే పెద్దపేగు చివరి 15 సెంటీమీటర్లు. పైనున్న పెద్దపేగు కథ కాస్త వేరు. కొలనోస్కోపీ, బయాప్సీ, స్టేజీలు మీకు తెలిసినవే, వాటి జోలికి పోను.

ఒక పార్శిల్ ఊహించుకోండి. లోపల మెత్తటి రంగు పొడి. చుట్టూ పల్చటి కవర్. ఆ పార్శిల్‌ని ఒక ఇరుకైన గూట్లో కూరి పెట్టారు, చేయి పెట్టడానికి కూడా సందు లేదు. మీ పని దాన్ని బయటికి తీయడం. లాగితే వచ్చేస్తుంది, అందులో కష్టమేం లేదు. కష్టమంతా కవర్ చిరగకుండా తీయడంలోనే ఉంది. చిరిగిందో, పార్శిల్ మీ చేతిలో ఉంటుంది, పొడి గూట్లో ఉంటుంది.

[స్క్రీన్ మీద: కటి ఎముకల మధ్య రెక్టమ్, దాని చుట్టూ పసుపు రంగు కొవ్వు]

ఆ గూడు మన కటి ఎముకల మధ్య ఉండే సందు. పార్శిల్ లోపలిది రెక్టమ్, దాని చుట్టూ ఉండే కొవ్వు, ఆ కొవ్వులో లింఫ్ గ్రంథులు, రక్తనాళాలు. ఈ కొవ్వు ముద్దనే మీసోరెక్టమ్ అంటారు. దాని బయట ఒక పల్చటి పొర ఉంటుంది, అదే మన కవర్. గడ్డ పేగు లోపల కనిపిస్తుంది సరే, కానీ దాని నుంచి విడిపోయిన క్యాన్సర్ కణాలు ముందుగా చేరేది ఈ కొవ్వులోకే. కంటికి కనిపించవు, చేతికి తగలవు. గడ్డ మొత్తం వచ్చేసినా, కొవ్వులో కొంత లోపల మిగిలిపోతే చాలు. డాక్టర్ అబద్ధం చెప్పలేదు, గడ్డ నిజంగానే వచ్చేసింది.

ఇంత చిన్న విషయం అర్థం కావడానికి ఎంతకాలం పట్టిందో చూడండి. లండన్‌లో ఎర్నెస్ట్ మైల్స్ అనే సర్జన్ ఉండేవారు. 1899 నుంచి 1906 వరకు ఆయన మలద్వారం వైపు నుంచి 57 మందికి ఆపరేషన్ చేస్తే, 54 మందికి క్యాన్సర్ తిరిగొచ్చింది. నాకు ఆయనలో నచ్చేది ఏమిటంటే, ఆ అంకెని దాచలేదు, అచ్చు వేయించారు. 1908లో కొత్త పద్ధతి చెప్పారు: పొట్ట వైపు నుంచీ, కింది నుంచీ కలిపి విశాలంగా తీసేయాలి, రోగికి జన్మంతా పొట్ట మీద బ్యాగ్ ఉంటుంది. ఫలితాలు బాగుపడ్డాయి. కానీ కవర్ అనే ఆలోచన ఇంకా రాలేదు. ఆ తర్వాత దశాబ్దాల పాటు చాలామంది సర్జన్లు రెక్టమ్ వెనక్కి చేయి పోనిచ్చి, వేళ్ళతోనే విడదీసేవారు. కళ్ళకి కనిపించని చోట, తడుముకుంటూ. పార్శిల్‌ని గూట్లోంచి గుప్పెటతో పీకడమే అది. కవర్ చిరిగిందో లేదో చేసినవాళ్ళకి కూడా తెలిసేది కాదు.

1982లో ఇంగ్లండ్‌లోని బేసింగ్‌స్టోక్ నుంచి బిల్ హీల్డ్ అనే సర్జన్ ఒక పేపర్ రాశారు. సారాంశం ఇదే: క్యాన్సర్ అదే చోట తిరిగి రావడానికి రోగి దురదృష్టమో, క్యాన్సర్ మొండితనమో కారణం కానక్కర్లేదు, మనం లోపల వదిలేసిన మీసోరెక్టమ్ కారణం కావచ్చు. ఆయన పద్ధతిలో చేయి పెట్టి పీకడం ఉండదు. కవర్‌కీ బయటి గోడకీ మధ్య తెల్లటి, వదులైన సన్నటి పోగులు ఉంటాయి. పేగుని మెల్లగా ముందుకు లాగి పట్టుకుంటే ఆ పోగులు విచ్చుకుంటాయి. కళ్ళతో చూస్తూ ఒక్కొక్కటే తెంపుకుంటూ పోవాలి. సరైన చోట ఉంటే రక్తం దాదాపు రాదు. రక్తం వస్తోందంటే దారి తప్పినట్టే. ఆ సందుకి హీల్డ్ పెట్టుకున్న పేరు 'హోలీ ప్లేన్'. పవిత్రం అనేంత ఆర్భాటం అవసరమా అనిపించేది, కానీ ఆపరేషన్ వీడియోలు చూశాక నోరు మూసుకున్నాను. ఆ కవర్‌కి ఆనుకునే మూత్రానికీ, లైంగిక జీవితానికీ సంబంధించిన నరాలు వెళ్తాయి. లోపలికి తప్పితే క్యాన్సర్ మిగులుతుంది, బయటికి తప్పితే నరాలు తెగుతాయి.

1986లో హీల్డ్ తన ఫలితాలు ప్రచురించారు. అయిదేళ్ళలో అదే చోట తిరిగి వచ్చింది 4 శాతం లోపే. చాలామంది నమ్మలేదు, తేలిక కేసులు ఏరుకుని చేసుంటారులే అన్నారు. అనుమానం న్యాయమైనదే. ఒక్క సర్జన్ తన పేషెంట్ల లెక్క తనే చెప్పుకుంటే ఎవరు నమ్ముతారు?

[స్క్రీన్ మీద: రంగు సిరా పూసిన, అడ్డంగా కోసిన ముక్కలు]

సరిగ్గా అదే ఏడాది లీడ్స్‌లో ఫిల్ క్వర్క్ అనే పాథాలజిస్ట్ ఇంకో పని చేశారు. ఈ భాగం నాకు భలే ఇష్టం. బయటికొచ్చిన పార్శిల్‌ని నిలువునా చీల్చి గడ్డని చూసి ఊరుకోకుండా, అడ్డంగా పల్చటి ముక్కలు కోసి, గడ్డ చుట్టుపక్కలకి ఎంత దూరం పాకిందో వెతికారు. ఇవాళ ల్యాబ్‌లో జరిగేదీ అదే: ముందు కవర్ బయట సిరా పూస్తారు, తర్వాత ముక్కలు కోసి, క్యాన్సర్‌కీ సిరాకీ మధ్య దూరం మైక్రోస్కోప్ కింద కొలుస్తారు. 1 మిల్లీమీటరు, అంతకన్నా తక్కువ ఉంటే అంచు 'పాజిటివ్'. క్వర్క్ చూసిన 52 మందిలో 14 మందికి క్యాన్సర్ ఆ పక్క అంచు దాకా వచ్చేసింది. అప్పటిదాకా అందరూ పైనా కిందా ఎంత పేగు వదిలి కోశామా అని కొలుచుకుంటున్నారు. ప్రమాదం పక్కల్లో ఉంది.

హీల్డ్ చెప్పింది నిజమా, ఆయన చేతి మహిమా? దీనికి జవాబు స్టాక్‌హోమ్ నుంచి వచ్చింది. 1990లలో అక్కడి సర్జన్లకి వర్క్‌షాపులు పెట్టి, హీల్డ్ స్వయంగా ఆపరేషన్లు చేసి చూపిస్తూ కవర్ పద్ధతి నేర్పించారు. తర్వాత ఊరు మొత్తం ఫలితాలని అదే ఊళ్ళో అంతకుముందు జరిగిన రెండు ట్రయల్స్‌తో పోల్చారు. రెండేళ్ళలో అదే చోట తిరిగి రావడం 15, 14 శాతం ఉండేది, 6 శాతానికి పడిపోయింది. మలద్వారంతో సహా తీసేసే ఆపరేషన్లు 60, 55 శాతం నుంచి 27 శాతానికి వచ్చాయి. కొత్త మందు లేదు, కొత్త మెషీన్ లేదు. పార్శిల్ తీసే తీరు మారింది, అంతే. ఇలాంటి లెక్కలకి అవార్డులూ హెడ్‌లైన్లూ రావు, అదే నా బాధ.

తర్వాత బ్రిటన్ నేతృత్వంలో సీఆర్07 అనే ట్రయల్ జరిగింది. అందులో వెయ్యి మందికి పైగా రోగుల పార్శిళ్ళని పాథాలజిస్టులు చూసి గ్రేడ్ ఇచ్చారు: కవర్ బాగున్నవి, కొంత చిరిగినవి, లోపలి కండరం దాకా చిరిగిపోయినవి. మూడేళ్ళలో అదే చోట తిరిగి వచ్చిన శాతం వరసగా 4, 7, 13. ఇంతకన్నా సూటిగా ఏ లెక్క చెబుతుంది? అసలు గుండె జారే అంకె ఇంకొకటి: కవర్ బాగున్నవి మొత్తంలో సగానికి కాస్త ఎక్కువ మాత్రమే.

మరి ముందుగా రేడియేషన్ ఇస్తే? నెదర్లాండ్స్ ట్రయల్, 2001. అందరికీ కవర్ పద్ధతిలోనే ఆపరేషన్, సగం మందికి ముందు రేడియేషన్. రెండేళ్ళలో అదే చోట తిరిగి రావడం రేడియేషన్ ఉంటే 2.4 శాతం, లేకపోతే 8.2 శాతం. కానీ రెండేళ్ళకి బతికున్నవాళ్ళు రెండు వైపులా దాదాపు 82 శాతమే. 'ఫలితం బాగుంది' అని ఎవరైనా అంటే ఏ ఫలితం అని అడగమనేది ఇందుకే. రేడియేషన్ వల్ల తర్వాత విరేచనం మీద అదుపు దెబ్బతినే అవకాశం ఉంది, అది ఈ రెండు అంకెల్లోనూ కనిపించదు.

ఇప్పుడు రోబో దగ్గరికి వద్దాం. రోబో అంటే గూట్లోకి చేయి పట్టనప్పుడు వాడే సన్నటి పొడవాటి చేతులు, వాటిని ఆడించేది సర్జనే. 2017లో వచ్చిన రోలార్ ట్రయల్‌లో 471 మందిని రోబో, మామూలు లాపరోస్కోపీ అని రెండు గుంపులు చేశారు. అంచు పాజిటివ్ 5.1, 6.3 శాతం. తేడా ఉందని చెప్పలేం. అయితే చైనాలో 11 ఆసుపత్రుల్లో, బాగా చేయి తిరిగిన సర్జన్లతో జరిగిన రియల్ అనే ట్రయల్‌లో రోబో వైపు 4.0, లాపరోస్కోపీ వైపు 7.2 వచ్చింది, మూడేళ్ళకి అదే చోట తిరిగి రావడమూ రోబో వైపే తక్కువ. కాబట్టి రోబో దండగ అనను. ఆ చేతులతో కవర్ బాగా కాపాడగలిగినచోట లాభం కనిపించింది. నా మొదటి మాట అదే కదా, చూడాల్సింది కవర్‌ని.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తాను.

లింఫ్ గ్రంథుల లెక్క. కనీసం 12 పరీక్షించాలంటారు. ముందు రేడియేషన్ తీసుకున్నవాళ్ళలో తక్కువ దొరకొచ్చు, కంగారు పడకండి. ఇందులో ఒక తమాషా ఉంది: ఒక ఆసుపత్రి 5 గ్రంథులే చూసి స్టేజ్ 2 అంటుంది. ఇంకొకటి 20 చూసి, ఒకదాంట్లో క్యాన్సర్ పట్టుకుని, అదే మనిషిని స్టేజ్ 3 అంటుంది. అలాంటివాళ్ళు స్టేజ్ 2లో అందరికన్నా బరువైన కేసులు, స్టేజ్ 3లోకి వస్తే అందరికన్నా తేలికైనవి. దాంతో రెండో ఆసుపత్రిలో స్టేజ్ 2 ఫలితాలూ మెరుగ్గా కనిపిస్తాయి, స్టేజ్ 3 ఫలితాలూ మెరుగ్గా కనిపిస్తాయి. ఒక్క మనిషీ ఒక్క రోజు ఎక్కువ బతకలేదు! స్టేజీల వారీగా ఆసుపత్రులని పోల్చే ప్రకటనలు చూస్తే నాకు నవ్వొచ్చేది ఇందుకే.

ఇంకోటి, అసలు పార్శిల్ తీయకుండా ఉండటం. కీమో, రేడియేషన్‌తో గడ్డ పూర్తిగా మాయమైతే ఆపరేషన్ చేయకుండా గమనిస్తూ ఉండొచ్చని బ్రెజిల్‌లో ఏంజెలిటా హబ్ర్-గామా 2004లో ఫలితాలతో సహా చూపించారు. 2022లో న్యూయార్క్ నుంచి వచ్చిన చిన్న అధ్యయనంలో, ఒక ప్రత్యేక జన్యులోపం ఉన్న 12 మందికీ ఇమ్యునోథెరపీ మందుతోనే గడ్డలు కనిపించకుండా పోయాయి. అది కొద్దిమందికే ఉండే రకం, అందరికీ వర్తించదు. దీనికి వేరే వీడియో కావాలి.

చివరిది, రిపోర్టు. పాథాలజీ రిపోర్టులో మూడు చూడండి: టీఎంఈ గ్రేడ్ (హీల్డ్ కవర్ పద్ధతికి ఇంగ్లీషు పొట్టిపేరే టీఎంఈ), అంటే కవర్ కంప్లీటా, నియర్లీ కంప్లీటా, ఇన్‌కంప్లీటా, సీఆర్‌ఎం, అంటే క్యాన్సర్‌కీ సిరాకీ మధ్య ఎంత దూరం, ఎన్ని లింఫ్ గ్రంథులు చూశారు. సిరా దూరం రాయకపోతే ల్యాబ్‌లో దాచిన స్లైడ్ల మీద మళ్ళీ కొలవమని అడగొచ్చు. కవర్ గ్రేడ్ మాత్రం ముక్కలు కోయకముందు పార్శిల్‌ని చూసి ఇవ్వాల్సింది. ఫోటో తీసి ఉంచకపోతే తర్వాత ఎవరూ చెప్పలేరు. అందుకే ఆ గ్రేడ్ ఇస్తారా, ఫోటో తీస్తారా అని ఆపరేషన్‌కి ముందే సర్జన్‌ని అడిగేయండి.