ఖాళీ సీటుకు లెక్క అడిగేవాళ్లకు

(తిరుపతిలో ప్రజా రవాణాపై జరిగిన చర్చా సభలో రిటైర్డ్ బస్సు కండక్టర్ ఒకరు చేసిన ప్రసంగం)

సభకు నమస్కారం. వేదిక మీదున్న పెద్దలకు, కింద కూర్చున్న నా తోటి డ్రైవర్లకు, కండక్టర్లకు, పాకాల నుంచీ పెనుమూరు నుంచీ వెదురుకుప్పం నుంచీ ఇంత ఎండలో వచ్చిన అక్కలకు, అన్నలకు పేరుపేరునా నమస్కారం. నన్ను పిలిచిన నిర్వాహకులకు, పొద్దుట్నుంచి మైకుతో తంటాలు పడుతున్న ఆ బాబుకు కూడా. ఇరవై నిమిషాలన్నారు. టైమ్ అయిపోతే ఒక చీటీ పంపండి, చాలు.

నాకు ముందు మాట్లాడిన సార్ లెక్కలు వివరంగా చెప్పారు. జీతాలకు ఎంత పోతోంది, డీజిల్‌కి ఎంత పోతోంది, టికెట్ల మీద ఎంత వస్తోంది, అన్నీ చెప్పారు. తెర మీద ఒక ఫొటో కూడా చూపించారు. మధ్యాహ్నం పల్లెవెలుగు బస్సు. వెనక సీట్లన్నీ ఖాళీ, ముందు ఇద్దరు పెద్దవాళ్లు. ఈ ఇద్దరి కోసం మనమందరం పన్ను కట్టాలా అని అడిగారు. చప్పట్లు పడ్డాయి. నేను ఇంటి దగ్గర రాసుకొచ్చింది వేరే. ఆ ఫొటో చూశాక కాగితం మడిచి జేబులో పెట్టేశాను. ఆ బస్సు గురించే మాట్లాడతాను.

సార్, ఆ బస్సును మధ్యాహ్నం చూశారు. పొద్దున చూడాలి. చివరి ఊళ్లో పది మంది ఎక్కుతారు. నాలుగు ఊళ్లు దాటేసరికి సీట్లు నిండుతాయి. మెయిన్ రోడ్డు ఎక్కేసరికి ఫుట్‌బోర్డు మీద కాలేజీ పిల్లలు, ఇంజన్ పక్కన చామంతి మూటలు, మధ్యలో పాల క్యాన్లు. టికెట్ మిషన్ తలపైకి ఎత్తి పట్టుకుని, లోపలికి జరగండి జరగండి అని అరిచి అరిచి గొంతు పోతుంది. టౌన్‌లో అందరూ దిగిపోతారు. తొమ్మిదింటికి ఆ బస్సు మళ్లీ అదే ఊరికి పోవాలి కదా. పొద్దున తొమ్మిదింటికి టౌన్ నుంచి పల్లెకు ఎవరొస్తారు? ఒక టీచరమ్మ, పొద్దున్నే టౌన్‌లో పని చూసుకుని తిరిగొచ్చే ఒక ముసలాయన, అంతే.

ఇక్కడున్న డిపో వాళ్లందరికీ ఓఆర్ అంటే తెలుసు. మిగతావాళ్లకు చెబుతాను. బస్సులో ఉన్న సీట్లు, తిరిగిన కిలోమీటర్లు, అందులో ఎంత నిండింది అని తీసే శాతం. రోజంతా తిరిగిన ట్రిప్పులన్నీ కూడి సగటు తీస్తే సగం బస్సు ఖాళీ అని తేలుతుంది. కానీ సగం నిండిన బస్సు రోడ్డు మీద ఏ పూటా కనిపించదు. పొద్దున కిక్కిరిసిన బస్సు ఉంటుంది, మధ్యాహ్నం ఖాళీ బస్సు ఉంటుంది. సగం నిండిన బస్సు ఉండేది కాగితం మీదే.

అయితే ఆ మధ్యాహ్నం ట్రిప్పు తీసేయొచ్చు కదా అంటారు. తీసి చూశారు, చాలా చోట్ల చూశారు. రుయా ఆస్పత్రిలో ఓపీ చూపించుకుని ఒంటిగంటకు బయటికొచ్చే మనిషికి తిరుగు బస్సు లేకపోతే ఆమె పొద్దున బస్సు కూడా ఎక్కదు. కొడుకు బండి మీద వస్తుంది, లేదా షేర్ ఆటోలో వస్తుంది, లేదా అసలు రాదు. మధ్యాహ్నం ట్రిప్పు తీసేస్తే పొద్దున ట్రిప్పులో జనం తగ్గుతారు. పొద్దున జనం తగ్గారని మూడు నెలలకు ఆ ట్రిప్పు కూడా తీసేస్తారు. ఆ తర్వాత ఆ ఊరికి ప్రయాణికులు లేరని రాస్తారు.

ఒక ఊరి సంగతి చెబుతాను. ఏ ఊరు, ఏ డిపో అనేది చెప్పను, ఎందుకంటే ఇది ఒక్క ఊరి కథ కాదు. అడవి అంచున ఉంటుంది. ఆ ఊరికి నైట్‌హాల్ట్ బస్సు ఉండేది. రాత్రి తొమ్మిదింటికి చేరేవాళ్లం. బస్సు రచ్చబండ దగ్గర ఆపి, టికెట్ల లెక్క వేబిల్లులో రాసుకుని, డబ్బు సంచి పట్టీ మణికట్టుకు రెండు చుట్లు చుట్టుకుని వెనక పొడుగు సీటు మీద నేను, బానెట్ పక్కన డ్రైవరు పడుకునేవాళ్లం. చలికాలంలో ఊరి కుక్కలన్నీ ఇంజన్ వెచ్చదనానికి బస్సు కిందే పడుకునేవి. పొద్దున ఐదుంబావుకి డ్రైవరు రెండు హారన్లు కొడితే ఊరంతా లేచేది. ఆ హారన్‌తోనే పొయ్యిలు వెలిగేవి.

మొదటి స్టేజీలో ఎక్కేవాళ్లలో ఒక భార్యాభర్త ఉండేవాళ్లు. ఆయనకు కిడ్నీలు పోయాయి. వారానికి మూడు రోజులు డయాలసిస్. డయాలసిస్ సూదులు గుచ్చడానికి ఎడమ చేతి రక్తనాళాలు కలిపి ఫిస్టులా వేసుంటుంది. ఆ చెయ్యి ఎవరికీ తగలకూడదు, దాని మీద బరువు పడకూడదు. అందుకని ఎడమ వరసలో కిటికీ సీటు ఆయనకు పెట్టేవాణ్ని. మెయిన్ రోడ్డు చేరాక ఎంత రద్దీ ఉన్నా ఆ పక్కన ఆమె అడ్డంగా కూర్చునేది, ఎవరూ ఆయన మీదికి ఒరగకుండా. ఒళ్లో గుడ్డ సంచి, సంచిలో అన్నం డబ్బా. ఆస్పత్రిలో పొద్దున మొదటి షిఫ్టులో డయాలసిస్ మొదలుపెడితే నాలుగు గంటలు పడుతుంది. మధ్యాహ్నం బస్సులో తిరిగొచ్చేవాళ్లు. నీరసంగా ఉండేవాడు, మాట్లాడేవాడు కాదు. ఆ మధ్యాహ్నం బస్సులో ఇంకో నలుగురు ఉంటే గొప్ప. సార్ చూపించిన ఫొటోలో ముందు సీట్లో ఉన్న ఇద్దరు ఎవరో నాకు తెలీదు. నాకు మాత్రం వీళ్లే కనిపించారు.

ఒకరోజు పై నుంచి కాగితం వచ్చింది. ఆ సర్వీసుకు ఓఆర్ చాలడం లేదు, నైట్‌హాల్ట్ ఎత్తేస్తున్నాం, పొద్దున బస్సు టౌన్‌లోనే బయల్దేరుతుంది అని. ఊరికి బస్సు ఉంది, రద్దు కాలేదు. ఏడున్నరకు చేరి, తొమ్మిది దాటాక టౌన్‌లో దింపుతుంది. డయాలసిస్ షిఫ్టు అప్పటికి సగం అయిపోయి ఉంటుంది. కొన్నాళ్లు ఆటో మాట్లాడుకున్నారు. చీకట్లో ఆ ఊరికి వచ్చే ఆటోవాడు ఊరికే రాడు, రానూపోనూ డబ్బులడుగుతాడు. ఆవులు రెండూ అమ్మేశారు. తర్వాత ఇంటికి తాళం వేసి తిరుపతిలో ఒక గది అద్దెకు తీసుకున్నారు. ఆమె నాలుగిళ్లలో పాచిపనికి కుదిరింది. లీలామహల్ దగ్గర ఒకరోజు కనిపించి, “మన బస్సు మళ్లీ ఎప్పుడేస్తారన్నా?” అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

ఇప్పుడు పన్ను కట్టేవాళ్ల లెక్కే తీద్దాం. ఆయనకు డయాలసిస్ ఉచితంగా చేయించేది ప్రభుత్వం. డయాలసిస్ చేయించుకునేవాళ్లకు మన రాష్ట్రంలో నెలకు 10,000 రూపాయల పింఛను ఇస్తున్నారు. అది మన పన్ను డబ్బే, ఇవ్వాల్సిందే, సంతోషం. మిషన్‌కు డబ్బు పెట్టారు, మందుకు పెట్టారు, మనిషికి పెట్టారు. ఆ మనిషిని మిషన్ దగ్గరికి చేర్చే బస్సు దగ్గరికొచ్చేసరికి నష్టం అన్నారు. బస్సు మీద మిగిలిన ఆ కొంచెం డబ్బు ఆ ఇంటివాళ్ల ఆవుల్ని అమ్మించింది. ఈ ఖర్చు ఏ ఆడిట్‌లో రాస్తారు సార్?

బస్సు వ్యాపారమా, సేవా అని మనం ఈరోజు కొత్తగా కొట్లాడుకోవడం లేదు. 1950లో రోడ్డు రవాణా సంస్థల చట్టం చేసినప్పుడే రెండూ రాశారు. 18వ సెక్షన్‌లో ప్రజలకు సరిపడా, సమర్థమైన, పొదుపైన రవాణా కల్పించడం సంస్థ బాధ్యత అన్నారు. 22వ సెక్షన్‌లో వ్యాపార సూత్రాల మీద నడవాలన్నారు. మేము ఉద్యోగంలో ఉన్నంత కాలం 22 గురించి రోజూ విన్నాం. కలెక్షన్ తక్కువైతే మెమో. 18వ సెక్షన్ కింద, ఫలానా ఊళ్లో జనానికి బస్సు చాలలేదు ఎందుకని ఎవరికైనా మెమో ఇచ్చినట్టు నేను వినలేదు.

అప్పట్లో ఒక పద్ధతి నడిచేది. తిరుమల ఘాట్ బస్సులు, చెన్నై, బెంగళూరు బస్సులు నిండుగా తిరిగేవి. ఆ డబ్బు పల్లె బస్సును మోసేది. 2020 జనవరి 1 నుంచి ఆర్టీసీ ఉద్యోగులందరినీ ప్రభుత్వంలో కలిపారు, ప్రజా రవాణా శాఖ అయింది, జీతాలు ఖజానా నుంచి వస్తున్నాయి. అప్పట్నుంచే ఈ ‘పన్ను డబ్బు’ అనే మాట గట్టిగా వినిపిస్తోంది. సరే, వినిపించనీయండి. పన్ను ఎవరు కడుతున్నారు? ఆదాయపు పన్ను కట్టేవాళ్లే పన్ను కట్టేవాళ్లా? ఆ ఊరి మనిషి కొనే సబ్బు మీద జీఎస్టీ ఉంది. బండిలో పోయించుకునే పెట్రోలు మీద పన్ను ఉంది. ఆ మాటకొస్తే బస్సు కూడా పన్ను కడుతోంది. మన రాష్ట్రంలో డీజిల్ మీద 22.25 శాతం వ్యాట్, ఆపైన లీటరుకు 4 రూపాయలు, రోడ్డు సెస్సు ఇంకో రూపాయి. లీటరుకు ఐదు కిలోమీటర్లు వచ్చే బస్సు రోజంతా తిరిగితే ఎంత పన్ను అవుతుందో కూడా తెర మీద వేసుంటే బాగుండేది.

విమానం మాట కూడా చెప్పాలి. 2017 ఏప్రిల్ 27న ప్రధాని సిమ్లాలో, చిన్న ఊళ్లకు విమానం నడిపే ఉడాన్ పథకం విమానాలు మొదలుపెట్టారు. అదే రోజు మన పక్కనే కడప నుంచి హైదరాబాద్‌కు కూడా ఆ పథకంలో విమానం ఎగిరింది. గంట ప్రయాణమైతే కొన్ని సీట్లకు 2,500 రూపాయలు మించకూడదని పరిమితి పెట్టి, కంపెనీకి పడే లోటును ప్రభుత్వం భర్తీ చేసింది. చిన్న ఊరికి విమానం కావాలి, జనం అలవాటుపడే దాకా ఆసరా ఇవ్వాలి అన్నారు. నేను దాన్ని తప్పుపట్టను. కడపకు విమానం కావాలి. కానీ అదే ఆసరా అడవి అంచు ఊరి బస్సుకు ఎందుకు ఇవ్వకూడదు? విమానానికి ముందే ఒప్పందం రాసుకుని డబ్బిస్తారు. బస్సును మాత్రం ముందు తిప్పమని, తర్వాత నష్టానికి సంజాయిషీ అడుగుతారు. పల్లె సర్వీసుకు కిలోమీటరుకు ఇంత అని బడ్జెట్‌లోనే రాసి ఇవ్వండి. ఇన్ని ట్రిప్పులు, ఈ టైమ్‌కు తిరగాలని షరతు పెట్టండి. తిరగకపోతే అప్పుడు అడగండి. ఓఆర్ చూడొద్దని నేను అనడం లేదు. ఓఆర్ ఒక్కటే చూసి బస్సు తీసేయొద్దంటున్నాను.

జనమే లేరు అనేవాళ్లకు ఇంకో మాట. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ లాంటి ఐదు రకాల బస్సుల్లో చార్జీ లేదు. ఆ తర్వాత మా ఇంటావిడతో కలిసి నా పాత రూట్‌లోనే ఎక్కాను. నిలబడే వచ్చాం. ఈ ఆడవాళ్లంతా ఎక్కడినుంచి వచ్చారు? కొత్తగా పుట్టలేదు కదమ్మా. ఇన్నేళ్లూ ఆ ఊళ్లలోనే ఉన్నారు. చేతిలో చార్జీకి డబ్బు లేక ఆగిపోయారు. కూతురి ఇంటికి వెళ్లాలంటే, ఆస్పత్రికి వెళ్లాలంటే, ఇంకోసారి చూద్దాంలే అనుకుని ఆగిపోయారు. మనం వాళ్లను లెక్కలో ఖాళీ సీట్లుగా రాసుకున్నాం. అమ్మా, మీలో ఎంతమంది అలా ఆగిపోయారో మీకే తెలుసు. ఇక్కడ చెప్పనక్కర్లేదు. ఇంట్లో మగవాళ్లకు చెప్పండి, ఎక్కడైనా ఖాళీ బస్సు మాట వస్తే గుర్తుంటుంది.

దీంట్లోనే ఇంకో అన్యాయం ఉంది. బస్సే రాని ఊరి ఆడవాళ్లకు ఆ ఉచిత టికెట్ ఎక్కడ చూపించుకోవాలి? రోజుకు పది బస్సులు తిరిగే ఊళ్లో ఉచితం, ఒక్క బస్సూ లేని ఊళ్లో ఆటోకు డబ్బులు. పన్ను ఇద్దరూ కట్టారు. ఎవరికి ఎక్కువ ఆసరా కావాలో వాళ్లకే లేదు.

చీటీ వచ్చింది. ఇంకో రెండు నిమిషాలు ఇవ్వండి సార్, ముఖ్యమైన పని మిగిలింది.

సార్‌కు ఒక విన్నపం. మీ మీద నాకు కోపం లేదు, మీరు లెక్క అడిగినందుకే ఈ మాటలన్నీ బయటికొచ్చాయి. ఒకరోజు పొద్దున బస్సులో నాతో రండి. నిలబడాల్సి వస్తుంది, ముందే చెబుతున్నాను.

ఇక ఊళ్ల నుంచి వచ్చినవాళ్లకు. బస్సు కావాలి అని ఒక్క మాట రాసిస్తే అర్జీ ఫైల్లో పడుంటుంది. టైమ్ రాయండి. పొద్దున మొదటి బస్సు ఎన్నింటికి వస్తే మీ కూలిపని, కాలేజీ, ఆస్పత్రి అందుతాయి? రాత్రి చివరి బస్సు ఎన్నింటికి కావాలి? మీ ఊళ్లో డయాలసిస్‌కు వెళ్లేవాళ్లు ఎందరు, టౌన్ కాలేజీలో చదివే పిల్లలు ఎందరు? పెద్ద బస్సు తిరగలేని రోడ్డయితే మినీ బస్సు చాలునని రాయండి. ఏ ట్రిప్పు ఎప్పుడు తీసేశారో కూడా రాయండి. గ్రామసభలో తీర్మానం చేయించి, సర్పంచి సంతకం పెట్టించి, ఒక కాపీ డిపో మేనేజర్‌కు, ఒకటి కలెక్టరాఫీసులో సోమవారం గ్రీవెన్స్‌లో ఇవ్వండి. రశీదు తీసుకోకుండా రాకండి.

తలుపు దగ్గర బల్ల మీద కాగితాలు పెట్టాం. రాయడం రానివాళ్లకు రాసిపెట్టడానికి మా వాళ్లు ముగ్గురు కూర్చున్నారు. భోజనానికి వెళ్లేముందు ప్రతి ఊరి నుంచి ఒక్కరైనా ఆ బల్ల దగ్గరికి వెళ్లండి. పాకాల వైపు వాళ్లు ముందు వెళ్లండమ్మా, మీ బస్సు రెండున్నరకే.