మూడుల్ నుంచి మార్కులు లాగే స్క్రిప్ట్: టోకెన్ నుంచి క్రాన్ దాకా

[స్క్రీన్ మీద: మూడుల్ అడ్మిన్ పేజీ]

హలో అండీ. కాలేజీలో మూడుల్ (ఆన్‌లైన్ కోర్సులు, గ్రేడ్లు నడిపే సాఫ్ట్‌వేర్) చూసుకునేవాళ్ల కోసం ఈ వీడియో. ప్రతి వారం ఒక్కో కోర్సూ తెరిచి, గ్రేడ్లు డౌన్‌లోడ్ చేసి, అన్నీ తెచ్చి ఒకే ఎక్సెల్‌లో అతికించే పని ఎవరో ఒకరి మెడకు చుట్టుకునే ఉంటుంది కదా, దాన్ని ఒక చిన్న పైథాన్ స్క్రిప్ట్‌కి అప్పగిద్దాం. కోడ్ సులువే. చాలామంది ఆగిపోయేది పర్మిషన్ల దగ్గర.

ముందు అడ్వాన్స్‌డ్ ఫీచర్స్‌లో వెబ్ సర్వీసెస్ (బయటి ప్రోగ్రామ్‌లు మూడుల్‌తో మాట్లాడే దారి) ఆన్ చేయండి, తర్వాత ఆ మాటలు నడిచే పద్ధతి, రెస్ట్ ప్రోటోకాల్ కూడా. స్క్రిప్ట్ కోసం విడిగా ఒక యూజర్‌ని పెట్టి, కావాల్సిన కోర్సుల్లో మాత్రమే స్టూడెంట్లనీ గ్రేడ్లనీ చూసే రోల్ ఇవ్వండి. అడ్మిన్ అకౌంట్ మీద టోకెన్ (స్క్రిప్ట్‌కి పాస్‌వర్డ్ లాంటి తాళంచెవి) తీస్తే రెండు నిమిషాల్లో పనైపోతుంది, నిజమే, కానీ అది బయటికి పొక్కిందంటే సైట్‌లో ఉన్న స్టూడెంట్లందరి వివరాలూ పోయినట్టే. నా మాట విని ఆ షార్ట్‌కట్ వద్దు.

[స్క్రీన్ మీద: ఎక్స్‌టర్నల్ సర్వీసెస్]

ఇక్కడ కొత్త సర్వీస్ చేసి మూడే ఫంక్షన్లు కలపండి: కోర్సుల జాబితా, చేరిన యూజర్లు, గ్రేడ్ ఐటమ్స్. టోకెన్ తీసేటప్పుడు ఐపీ అడ్రస్, గడువు తేదీ పెట్టే గళ్లుంటాయి, ఖాళీగా వదలకండి. టోకెన్‌ని కోడ్‌లో రాయకుండా ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో, అంటే కోడ్ బయట సిస్టమ్ సెట్టింగ్‌లో, దాచండి.

[స్క్రీన్ మీద: కోడ్]

మూడుల్ డేటాని మామూలుగా ఎక్స్‌ఎంఎల్ ఫార్మాట్‌లో పంపుతుంది, జేసన్ అనే ఫార్మాట్‌లో కావాలని మనమే అడగాలి. అసలు తిరకాసు ఎర్రర్లతో. టోకెన్ తప్పయినా, పర్మిషన్ లేకపోయినా స్టేటస్ 200, అంటే ‘అంతా సరే’ అనే వస్తుంది, ఎర్రర్ మాత్రం జేసన్ లోపల ఎక్సెప్షన్ అనే కీ కింద దాక్కుంటుంది, అది చూసుకోకపోతే స్క్రిప్ట్ హాయిగా నడిచి ఖాళీ ఫైల్ చేతిలో పెడుతుంది. కాబట్టి ప్రతి జవాబులోనూ ఆ కీ ఉందేమో చూడండి, ఉంటే అక్కడే ఆపేయండి.

కోర్సుల జాబితాలో ఐడీ 1 కోర్సు కాదు, సైట్ ముందు పేజీ. వదిలేయండి. తేదీలన్నీ యూనిక్స్ సెకన్లలో, అంటే 1970 జనవరి 1 నుంచి లెక్కించిన సెకన్లలో, ఉంటాయి. కోర్సు అసలు తెరవని స్టూడెంట్‌కి చివరి విజిట్ సున్నా అని వస్తుంది, దాన్ని అలాగే తేదీగా మారిస్తే 1970 జనవరి 1 అని పడి హెచ్‌ఓడీ గారు బిత్తరపోతారు. సున్నా ఉంటే గడి ఖాళీగా ఉంచండి.

తెలుగులో పేర్లుంటే స్క్రిప్ట్ రాసే సీఎస్‌వీ ఫైల్‌ని బామ్ (ఇది యూటీఎఫ్-8 అని ఫైల్ మొదట్లో చెప్పే గుర్తు) ఉన్న యూటీఎఫ్-8లో సేవ్ చేయాలి, లేకపోతే ఎక్సెల్‌లో పిచ్చి గీతలు కనిపిస్తాయి.

ఇక స్క్రిప్ట్‌ని క్రాన్‌లో (సర్వర్‌లో పనుల్ని వేళకు నడిపే టైమర్) రాత్రి 2 గంటలకు పెట్టేయండి. ఫైల్ పడే ఫోల్డర్ మాత్రం వెబ్‌సర్వర్ కంటికి కనపడని చోట ఉండాలి, అందులో ఉన్నవి పిల్లల మార్కులు.