అక్టోబరులో తలకోన నుంచి నేలపట్టు దాకా: మూడు రోజుల కారు ప్రయాణం, నా రివ్యూ

అందరికీ నమస్కారం. వెనకాల వినిపిస్తున్న హోరు తలకోన వాగుది. ఎడిటింగ్‌లో తీసేద్దామని మొదట అనుకున్నా, తర్వాత మనసొప్పక అలాగే ఉంచేశాను.

చాలామంది అడుగుతున్న విషయం ఒకటే. అక్టోబరు, నవంబరుల్లో మూడు రోజులు సెలవు దొరికితే తిరుపతి నుంచి కారులో ఎటు వెళ్లొచ్చు? కొంచెం కొండల్లో నడవాలి, జంతువులో పక్షులో కంటపడాలి, పెద్దవాళ్లు కూడా వెంట ఉంటారు. దీనికి జవాబుగా నేను పోయినేడాదీ ఈ ఏడాదీ తిరిగిన దారినే చెప్తాను. తలకోన, శ్రీవారి మెట్టు, నేలపట్టు, పులికాట్. అన్నీ కలిపినా నాలుగు వందల కిలోమీటర్ల లోపే.

ముందు వాన సంగతి చెప్పాలి. శరదృతువు అనగానే మనకు పుస్తకాల్లో చదువుకున్న తెల్లమబ్బులు, పిండారబోసినట్టు వెన్నెల గుర్తొస్తాయి. ఉత్తరాది వీడియోలు చూసినా అంతే, వానలు వెళ్లిపోయాయి, ఇక బయల్దేరండి అంటారు. మన తిరుపతి, చిత్తూరు వైపు లెక్క వేరు. మనకు ఈశాన్య రుతుపవనాలు మొదలయ్యేదే అక్టోబరులో. డిసెంబరు దాకా బంగాళాఖాతంలో ఎప్పుడు అల్పపీడనం పడుతుందో చెప్పలేం. 2021 నవంబరులో తిరుపతి వీధుల్లో వరద ఎలా పారిందో ఇక్కడివాళ్లు ఎవరూ మరిచిపోలేదు. తిరుమల మెట్లదారిలో నీళ్లు జలపాతంలా దూకాయి. ఆ తర్వాత డిసెంబరు మొదట్లో ఘాట్ రోడ్డు మీద కొండచరియలు విరిగిపడ్డాయి.

అయినా ఈ కాలంలోనే రమ్మంటున్నాను. ఎందుకంటే మన కోనలకు, చెరువులకు ప్రాణం వచ్చేది ఇప్పుడే. ఏప్రిల్‌లో తలకోనకు వస్తే సన్నటి ధార చూసి వెళ్లాలి. కాకపోతే సెలవు కుదిరింది కదా అని గుడ్డిగా బయల్దేరకండి, వానను బట్టి రోజులు మార్చుకోండి.

పోయినేడాది మాకు జరిగింది చెప్తాను. దీపావళి సెలవులకు నేను, మా చిన్నాన్న కొడుకు, మా అమ్మ వచ్చాం. మంచి ఎండ కాస్తోంది, ఆకాశంలో మబ్బు తునక లేదు. జలపాతం దారిలో అటవీ శాఖ వాచర్ ఒకాయన ఆపేశాడు. "పైకి పంపడం లేదు సామీ, రాత్రి కొండ మీద గట్టిగా కురిసింది" అన్నాడు. మాకు కోపం వచ్చింది. ఇంత ఎండలో వాన ఏంటని తమ్ముడు వాదించాడు కూడా. పక్కనే బండ మీద కూర్చుని తెచ్చుకున్న పులిహోర తింటున్నాం. అరగంట కూడా కాలేదు, కాళ్లకింద అద్దంలా ఉన్న నీళ్లు టీ రంగులోకి మారాయి. ఆకులు, పుల్లలు కొట్టుకొచ్చాయి. మేం కాసేపటి క్రితం చెప్పులు విప్పి కాళ్లు పెట్టిన రాయి మునిగిపోయింది. అమ్మ ఏమీ మాట్లాడకుండా లేచి, ఆ వాచర్ దగ్గరికి వెళ్లి దండం పెట్టింది.

కొండ మీద కురిసిన వాన కింద ఉన్నవాళ్లకు కనపడదు. నీళ్ల రంగు మారినా, ఆకుచెత్త కొట్టుకొచ్చినా, హోరు ఒక్కసారిగా పెరిగినా సామాన్లు వదిలేసి గట్టు ఎక్కండి. ఫోన్ కోసం కూడా వెనక్కి రావద్దు. అల్పపీడనం వెళ్లిపోయాక రెండు మూడు రోజులు ఆగి వస్తే నీళ్లూ ఉంటాయి, దారీ తెరిచి ఉంటుంది. ఈసారి మేం అలాగే వచ్చాం, అది కూడా బుధవారం.

తిరుపతి నుంచి తలకోన సుమారు అరవై కిలోమీటర్లు. చంద్రగిరి దాటి, రంగంపేట మీదుగా భాకరాపేట ఘాట్ ఎక్కాలి. ఈ ఘాట్ చిన్నదే కదా అని తేలిగ్గా తీసుకోవద్దు. 2022 మార్చిలో నిశ్చితార్థానికి వెళ్తున్న బస్సు రాత్రిపూట ఇక్కడే లోయలో పడింది. తెల్లవారుజామున బయల్దేరి వెలుతుర్లోనే ఘాట్ దాటండి, తిరుగు ప్రయాణంలోనూ అంతే.

ఘాట్ దాటాక రోడ్డు పక్కన సీతాఫలాల గంపలు కనిపిస్తాయి. ఇది వాటి సీజన్. కొండ సీతాఫలం చిన్నగా ఉంటుంది, గింజ ఎక్కువ, తీపి మాత్రం తోటకాయకు రాదు. కళ్లు విచ్చుకున్న కాయ ఏరుకుని తీసుకుంటే సాయంత్రానికి పండుతుంది. గింజలూ తొక్కలూ కవర్లో వేసుకుని వెనక్కి తీసుకెళ్లండి, అడవిలో పారేస్తే కోతులు రోడ్డుకు అలవాటు పడతాయి.

తలకోన జలపాతం ఎత్తు 270 అడుగులు, ఆంధ్రప్రదేశ్‌లో ఇదే ఎత్తయినది. కానీ ఎత్తు కోసం కాదు, ఇక్కడికి చేరే నడక కోసం రమ్మంటాను. సిద్ధేశ్వరస్వామి గుడి దాటి లోపలికి వెళ్తే ఎండ పలచబడిపోతుంది. గిల్లతీగ అనే ఒక మహాతీగ ఇక్కడ చెట్ల మీద కొండచిలువలా మెలికలు తిరిగి పాకుతుంది. దాని కాయ మీటరు పొడవు దాకా పెరుగుతుంది. మామూలు చిక్కుడుకాయను ఊహించుకుని, దాన్ని మీ చెయ్యంత చేసి చెట్టుకు వేలాడదీయండి, అలా ఉంటుంది. కొండ వాలులో ఎర్రచందనం చెట్లు ఉంటాయి. బెరడు నల్లగా, గళ్లుగళ్లుగా పగిలి మొసలి వీపులా ఉంటే అదే. ప్రపంచంలో ఈ చెట్టు సహజంగా పెరిగేది మన తూర్పు కనుమల దక్షిణ భాగంలోనే. దొంగల వల్ల ఇక్కడ నిఘా గట్టిగా ఉంటుంది, కాబట్టి ట్రెక్కింగ్ అని దారి వదిలి లోపలికి వెళ్లొద్దు. వెళ్లాలంటే అటవీ శాఖ అనుమతి, వాళ్లిచ్చే గైడ్ తప్పనిసరి.

ఇక జంతువులు. తలకోన ఉన్న శ్రీవేంకటేశ్వర జాతీయ పార్కు అంటే 353 చదరపు కిలోమీటర్ల అడవి. చిరుతలు, ఎలుగుబంట్లు, రేచుకుక్కలు, దుప్పులు, కొండగొర్రెలు ఉన్నాయి. ఉన్నాయి కదా అని కనపడతాయనుకుంటే నిరాశే. ఇది జీపులో తిప్పి పులిని చూపించే చోటు కాదు. ఒకచోట కూర్చుని మాట్లాడకుండా ఉండగలిగితే మాత్రం అడవే మీ దగ్గరికి వస్తుంది. ఉదయం ఏడింటికి మేం ఒక చెట్టుకింద ఇరవై నిమిషాలు కూర్చున్నాం. పైన కొమ్మ కదిలింది. అడవి పెద్ద ఉడుత. ఇంట్లో తిరిగే ఉడుత కన్నా చాలా పెద్దది, వీపు ముదురు గోధుమ, పొట్ట మీగడ రంగు. వెనక కాళ్లతో కొమ్మను పట్టుకుని తలకిందులుగా వేలాడుతూ, ముందు కాళ్లతో కాయ పట్టుకుని తింటోంది. తొక్కలు మా అమ్మ ఒళ్లో పడుతున్నాయి. ఆమె కదల్లేదు.

నాకు అంతకన్నా విలువైనది సాయంత్రం కనిపించింది. బంగారు బల్లి. చిన్నప్పటి నుంచి పేరు వింటున్నాం, కంచి గుడిలో బొమ్మను ముట్టుకున్నాం. బతికున్నదాన్ని ఎంతమంది చూశారు? 1870లో బెడ్డోమ్ అనే బ్రిటిష్ అటవీ అధికారి దీన్ని శాస్త్రానికి పరిచయం చేసింది మన తిరుపతి కొండల్లో చూసే. మాతో వచ్చిన గైడు అన్న ఒక రాతి చీలిక చూపించి, టార్చ్‌ను నేరుగా వేయకుండా పక్క బండ మీద వేశాడు. ఆ వెలుతురు మళ్లి లోపల పడింది. ముందు కనపడినవి గుడ్లు. తెల్లగా, చొక్కా గుండీల్లా, రాతికి అంటించినట్టు పదుల సంఖ్యలో ఉన్నాయి. చాలా ఆడబల్లులు ఒకే చోటికి వచ్చి పెడతాయట. వాటి పక్కన అరచేతి వెడల్పు కూడా లేని బల్లి, పచ్చిపసుపు కొమ్ము విరిచినప్పటి రంగులో. వేళ్ల చివర్లు చిన్న రేకుల్లా విచ్చుకుని తడిరాతిని పట్టుకున్నాయి. రెండు మూడు క్షణాలు చూసి లైటు తీసేశాం. ఫొటో అడక్కండి, ఫ్లాష్ వేయలేదు. ఆ చీలిక ఎక్కడో కూడా వీడియోలో చెప్పను.

రాత్రికి అక్కడే వసతి దొరికితే ఉండండి, ముందుగా బుక్ చేసుకోవాలి. దొరక్కపోతే తిరుపతికి వచ్చేయడమే మంచిది. తిండికి రాగిసంగటి, చెనిక్కాయల ఊరిబిండి దొరికిన చోట ఆగండి, నా మాట వినండి. ఒక్క విషయం మాత్రం నాకు నచ్చలేదు. సెలవు రోజుల్లో స్పీకర్లు పెట్టుకుని వచ్చే గుంపులు. ఆ రోజుల్లో ఒక్క పక్షి కూడా కూయదు. అందుకే తలకోన ఆదివారం వద్దు, పనిదినం అయితేనే.

రెండో రోజు శ్రీవారి మెట్టు. శ్రీనివాసమంగాపురం దగ్గర నుంచి తిరుమలకు 2388 మెట్లు. దీన్ని హైకింగ్ అనడానికి నాకు నోరు రాదు, మొక్కు తీర్చుకునే దారి ఇది. అయినా ఈ కాలంలో కొండల పచ్చదనాన్ని ఇంత దగ్గరగా చూపించే నడక ఇంకోటి లేదు. వాన పడ్డాక మెట్లు జారతాయి, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఆలోచించుకోండి. 2023 ఆగస్టులో అలిపిరి దారిలో చిరుత దాడికి ఒక చిన్నారి ప్రాణం పోయింది. పిల్లలతో వచ్చేవాళ్లు ఆ రోజు నడకదారికి ఉన్న నిబంధనలు కనుక్కుని, గుంపుతోనే నడవండి. పిల్లల్ని ముందుకు పరిగెత్తనివ్వొద్దు.

కొండ దిగేటప్పుడు ఘాట్ రోడ్డు పక్కన రాతిగోడను గమనించండి. కింద ముతకగా గ్రానైట్, దాని మీద పొరలుపొరలుగా క్వార్ట్జైట్. ఆ రెండు రాళ్లు కలిసే గీతకు ఎపార్కియన్ అన్‌కన్ఫార్మిటీ అని పేరు. కింది రాయి తయారయ్యాక పైరాయి వచ్చి చేరడానికి మధ్యలో సుమారు 80 కోట్ల ఏళ్లు గడిచాయి. జియలాజికల్ సర్వే దీన్ని జాతీయ భూగర్భ స్మారకంగా గుర్తించింది. చిన్నప్పటి నుంచి ఎన్నిసార్లు ఆ మలుపు తిరిగానో, మొన్ననే మొదటిసారి చూశాను.

మూడో రోజు పూర్తిగా వేరే లోకం. శ్రీకాళహస్తి, నాయుడుపేట మీదుగా దొరవారిసత్రం. కొండలు వెనక్కి పోయి, వరిపొలాలు, చెరువులు వస్తాయి. నేలపట్టు పక్షుల కేంద్రం చేరడానికి రెండు గంటల పైన పడుతుంది. చీకటితోనే బయల్దేరండి.

ఇక్కడికి గూడబాతులు వస్తాయి, అంటే పెలికాన్లు. అక్టోబరు నుంచి చేరి, గూళ్లు కట్టి, పిల్లల్ని పెంచుకుని ఎండలు ముదిరేలోగా వెళ్లిపోతాయి. చెరువు మధ్యలో నీటి కడప చెట్లు నడుములోతు నీళ్లలో నిలబడి ఉంటాయి. గూళ్లన్నీ వాటి మీదే. చుట్టూ నీళ్లుంటే పిల్లీ కుక్కా రాలేవు, గుడ్లు భద్రం. అంటే వానపడి చెరువు నిండితేనే ఈ పక్షులకు ఇక్కడ నమ్మకం. తలకోనలో మనల్ని భయపెట్టిన అదే వాన ఇక్కడ వాటికి ఇంటి చుట్టూ కందకం.

వాచ్ టవర్ మీద బైనాక్యులర్స్‌తో గంటన్నర నిలబడ్డాం. ఒక జంట మీదే కళ్లు పెట్టాను. మగపక్షి ఎక్కడి నుంచో పచ్చి కొమ్మ తుంచి తెచ్చింది. అంత పెద్ద ఒళ్లు, చాపితే మనిషి కంటే పొడవుండే రెక్కలు, ఆ పల్చటి కొమ్మ మీద దిగుతుంటే చెట్టంతా ఊగింది. ఆడది ముక్కుతో పుల్ల అందుకుని ఒకవైపు పెట్టింది, నచ్చలేదు, తీసి ఇంకోవైపు దోపింది. మగది మళ్లీ ఎగిరింది. అలా ఎనిమిదిసార్లు లెక్కపెట్టాను. అమ్మ మాత్రం "ఇల్లు కట్టుకోవడం ఎవరికైనా అంతే కష్టం" అంది.

ఈ చుట్టుపక్కల రైతులు ఈ పక్షుల్ని తమవిగా చూసుకుంటారు. రెట్టలు పడిన చెరువు నీళ్లు పొలానికి ఎరువు. నత్తగుల్ల కొంగలు, నీటికాకులు, తెల్ల కంకణాలు కూడా అదే చెరువులో ఉన్నాయి. ఇంట్లో పెద్దవాళ్లతో, పిల్లలతో వచ్చేవాళ్లకు ఈ ప్రయాణంలో నేను మొదట చెప్పే చోటు నేలపట్టే. నడక తక్కువ, ప్రమాదం లేదు, చూసేదానికి లోటు లేదు. ముదురు రంగు బట్టలు వేసుకురండి, టవర్ మీద గట్టిగా మాట్లాడొద్దు, డ్రోన్ అసలే వద్దు.

అక్కడి నుంచి సూళ్లూరుపేట, శ్రీహరికోట రోడ్డు. పులికాట్ సరస్సు మధ్యలోంచి పోతుంది. చిలికా తర్వాత దేశంలో పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే. అందరూ ఫ్లెమింగోల కోసం వస్తారు. అక్టోబరులో వచ్చి వేలకు వేలు చూడాలనుకోవద్దు. ఫ్లెమింగో ముక్కును తలకిందులుగా నీళ్లలో ముంచి, బురదను వడకట్టుకుని తింటుంది. నీళ్లు లోతు తక్కువ ఉన్నచోటే దానికి తిండి. కొత్తనీళ్లతో సరస్సు నిండుగా ఉన్నప్పుడు మాకు దూరంగా ఒక గులాబీ గీత మాత్రం కనిపించింది. పెద్ద గుంపులు కావాలంటే డిసెంబరు చివర, జనవరిలో రండి. అందుకే పులికాట్‌కు ఈ కాలంలో నేను సగం మార్కులే ఇస్తాను. షార్, అంటే ఇస్రో రాకెట్ కేంద్రం చెక్‌పోస్ట్ దాటి అనుమతి లేకుండా వెళ్లనివ్వరు, అది కూడా గుర్తుపెట్టుకోండి.

ఇంకొకటి. ఏనుగుల కోసం పలమనేరు, కుప్పం వైపు కౌండిన్య అభయారణ్యాన్ని ఎందుకు కలపలేదని అడుగుతారు. ఆంధ్రప్రదేశ్‌లో ఏనుగుల కోసం ఉన్న అభయారణ్యం అదొక్కటే, 1990లో ఏర్పాటు చేశారు. దుముకురాళ్లు అని కూడా పిలిచే కైగల్ జలపాతం చూడాలంటే పగటిపూట వెళ్లి రండి, బాగుంటుంది. ఏనుగులను వెతుక్కుంటూ మాత్రం వెళ్లొద్దు. ఇది పంట చేతికొచ్చే కాలం. చీకటి పడితే ఏనుగులు వరి, చెరకు, రాగి పొలాల్లోకి దిగుతాయి. రైతులు రాత్రంతా కాపలా ఉంటారు. ఏటా అక్కడ మనుషులూ పోతున్నారు, కరెంటు తీగలు తగిలి ఏనుగులూ పోతున్నాయి. అలాంటి చోట మనం కారు లైట్లు వేసుకుని, ఫోన్లు పట్టుకుని నిలబడితే ఏనుగు బెదురుతుంది, ఆ కోపం తీరేది మనమీద కాదు, పొలంలో ఉన్న రైతు మీద.

బ్యాగులో పెట్టుకోవాల్సినవి పెద్దగా లేవు. పట్టు ఉన్న బూట్లు, రెయిన్‌కోటు, బైనాక్యులర్స్, చిన్న టార్చ్, మంచినీళ్లు. అడవిలో సిగ్నల్ ఉండదు, ఇంట్లో ఎన్నింటికి తిరిగొస్తారో చెప్పి బయల్దేరండి. తలకోన వెళ్లే ముందురోజు సాయంత్రం వాతావరణ శాఖ హెచ్చరికలు చూసుకోండి. జలపాతం దారి మూసి ఉంటే రెండో రోజును, మూడో రోజును ముందుకు జరిపి, తలకోన చివర్లో పెట్టుకోండి. మేం జనవరిలో మళ్లీ పులికాట్ వెళ్తున్నాం. ఆ గులాబీ గీత ఈసారి ఎంత దగ్గరికి వచ్చిందో తీసుకొచ్చి చూపిస్తాను.