ముందు చక్రం తిరుగుతుందా?

(రహదారి భద్రతా మాసోత్సవాల సందర్భంగా అనంతపురంలో జరిగిన గ్రామీణ ఉద్యోగుల సమావేశంలో ఒక పశువైద్యుడు చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీది పెద్దలకు, ఉరవకొండ, విడపనకల్లు, గుంతకల్లు వైపుల నుంచే కాక ఆలూరు నుంచి, జమ్మలమడుగు నుంచి కూడా శ్రమపడి వచ్చిన ఉపాధ్యాయులకు, ఏఎన్ఎం అక్కచెల్లెళ్లకు, సచివాలయ ఉద్యోగులకు, నా శాఖలోని సహోద్యోగులకు నమస్కారం. నిర్వాహకులు నన్ను హెల్మెట్టు గురించి, సీటు బెల్టు గురించి మాట్లాడమన్నారు. ఆ రెండింటినీ నాకు ముందు మాట్లాడినవారు చక్కగా వివరించారు కనుక, నా సమయాన్ని పదమూడేళ్లుగా నా మనసులో ఉన్న ఒక విషయానికి వాడుకుంటాను. రేగడి ఊళ్లకు రోజూ వెళ్లి రావలసిన మనలాంటివాళ్లు ఇంజను శక్తి నాలుగు చక్రాలకూ వెళ్లే పాత ఫోర్ వీల్ డ్రైవ్ బండి కొనేటప్పుడు ఏమి చూడాలి అన్నదే ఆ విషయం.

చలికాలపు ప్రయాణం అనగానే కొండ ప్రాంతాలవారు మంచు గురించి మాట్లాడతారు. మనకు ఆ కాలపు కష్టం ఈశాన్య రుతుపవనాలతో వస్తుంది. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఎప్పుడు వాన దిగుతుందో తెలియదు, శనగ విత్తనం పడేదీ ఆ రోజుల్లోనే. కదిరి, కళ్యాణదుర్గం వైపు ఎర్రనేలలో వాన వెలిసిన కాసేపటికే దారి గట్టిపడుతుంది. నల్లరేగడి అలా కాదు. నీరు తాగి ఉబ్బే బంకమట్టి అది. ఒక్క గట్టి వాన పడితే చాలు, టైరు గాళ్లలో మట్టి నిండిపోయి, టైరు అరిగిపోయినదానిలా నున్నగా తయారవుతుంది. అప్పుడు వెనక చక్రాలు ఎంత తిరిగినా బండి ముందుకు కదలదు, ఉన్నచోటే గుంత తవ్వుకుంటుంది. మోటారు సైకిలు మడ్‌గార్డులో మట్టి ఇరుక్కుని చక్రమే ఆగిపోయి, చీరలకు, పుస్తకాలకు, వ్యాక్సిన్ పెట్టెకు బురద పట్టించుకుని వచ్చినవాళ్లు ఈ సభలో ఎందరున్నారో నేను అడగనక్కరలేదు.

అందుకే ఒక్కరి జీతంతో వీలుకాకపోయినా, ఒకే దారిలో వెళ్లే నలుగురు కలిసి ఒక చిన్న పాత ఫోర్ వీల్ బండి కొనుక్కోవడం దుబారా కాదని నా అభిప్రాయం. అయితే ఏ బండి? మొదట చూడవలసింది ఇంజను బలం కాదు, బరువు. తేలికైన బండి ఆలస్యంగా దిగబడుతుంది, దిగబడినా నలుగురు మనుషులు ఒక మోకు కట్టి లాగితే బయటపడుతుంది. రెండోది, పక్కన చిన్న లివరుతో పడే లో గేరు. దానితో బండి నడక వేగంతో, చక్రం చిమ్మకుండా బురదలో సాగుతుంది. మూడోది టైర్లు, వాటి గురించి తరువాత చెబుతాను.

ఈ లక్షణాలన్నీ ఉన్న బండి అని నమ్మే నేను ఆనాడు మారుతి జిప్సీ కొన్నాను. 1985లో తొలిసారి వచ్చిన ఆ మోడలు బరువు ఒక టన్ను దరిదాపే. నాలుగు చక్రాలకూ కమాన్ పట్టీలే కాబట్టి నడుము నొప్పి తప్పదు, పెట్రోలు కూడా ఎక్కువే తాగుతుంది, అయినా రేగడిలో దానికి సాటి అరుదు. నేను కొన్నది ఒక బ్రోకరు ద్వారా. రంగు బాగుంది, ఇంజను బాగుంది, ముందు చక్రాలకు కూడా శక్తిని కలిపే ఫోర్ వీల్ లివరు కూడా చక్కగా పడింది. లివరు పడింది కనుక ఫోర్ వీల్ ఉన్నట్టే అనుకున్నాను. నేను చేసిన తప్పు అదే, ఈ రోజు మీ ముందు నిలబడటానికి కారణమూ అదే.

ఆ ఏడు కార్తీక మాసంలో ఒక రాత్రి తొమ్మిది గంటలకు ఒక రైతు ఫోను చేశాడు. తొలిచూలు గేదె, పొద్దుగూకినప్పటి నుంచి నొప్పులు పడుతోంది, దూడ కాళ్లు కనిపిస్తున్నాయి కానీ తల వెనక్కి తిరిగి ఉంది. తారు రోడ్డు నుంచి ఆ ఊరికి నాలుగు కిలోమీటర్ల రేగడి రస్తా, పగలంతా వాన. ఈ రాత్రి కోసమే కదా ఈ బండి కొన్నది అనుకుంటూ, రోడ్డు దిగగానే లివరు లాగి బయలుదేరాను. ఒకటిన్నర కిలోమీటరు దగ్గర బండి ఆగింది. టార్చి వేసి చూస్తే వెనక చక్రాలు సగం వరకు కూరుకుపోయి ఉన్నాయి. ముందు చక్రాల మీద మట్టి ఎలా అంటుకుందో అలాగే ఉంది, బండి దిగబడ్డాక అవి ఒక్క చుట్టు కూడా తిరగలేదు. సంచీ నెత్తిన పెట్టుకుని మిగిలిన రెండున్నర కిలోమీటర్లు చెప్పులు వదిలేసి నడిచాను. కాలికి పట్టే మట్టిని ప్రతి పది అడుగులకూ రాల్చుకుంటూ నడవవలసి రావడంతో, చేరేసరికి అర్ధరాత్రి దాటింది. దూడ లోపలే చనిపోయింది. గేదె తెల్లవారుజామున పోయింది. ఆ ఇంటికి పాలు అమ్మిన డబ్బే నెల ఖర్చు. ఆ రైతు నన్ను ఒక్క మాట అనలేదు. కాళ్లు కడుక్కోమని చెంబుతో నీళ్లు ఇచ్చి, వేణ్ణీళ్లు కావాలా సార్ అని అడిగాడు. ఆ చెంబు నాకు ఇప్పటికీ కళ్లముందే ఉంది.

మరునాడు ట్రాక్టరుతో బండిని లాగించి, కిందికి దూరి చూస్తే, ఇంజను శక్తిని ముందు వెనకలకు పంచే ట్రాన్స్‌ఫర్ కేసు నుంచి ముందు చక్రాలకు ఆ శక్తిని మోసుకెళ్లే ప్రొపెల్లర్ షాఫ్టు అనే ఇనుప కడ్డీ లేనే లేదు. అది ఉండవలసిన చోట గ్రీజు పూసి, గోనెగుడ్డ చుట్టి ఉంది. బ్రోకరును అడిగితే, పెట్రోలు కలిసి వస్తుందని మునుపటి ఓనరు తీయించాడు, అది మీకు దేనికి సార్ అన్నాడు. లివరు అలాగే ఉంచి, షాఫ్టు మాత్రం తీసేసి, ఫోర్ వీల్ బండి అని చెప్పి అమ్మడం మోసమని అతనికి ఆనాడు తోచలేదు. అలా అమ్మేవారు ఇప్పటికీ ఉన్నారు. ఈ సభలో మెకానిక్కులు ఎవరైనా ఉంటే వారికి చేతులెత్తి మొక్కి చెబుతున్నాను: షాఫ్టు విప్పమని ఎవరైనా తెస్తే, ఆ లివరు కూడా విప్పేయండి, లేదా ఆ విషయం బండి మీద రాసి పంపండి. దాని అవతల ఎవరో ఒకరి ప్రాణం ఉంటుంది.

కనుక డబ్బు చేతికి ఇవ్వకముందే ఈ పరీక్ష చేయండి. బండిని చదునైన నేల మీద నిలిపి, హ్యాండ్ బ్రేకు వేసి, వెనక చక్రాలకు రాళ్లు ఆనించి, ముందు చక్రం ఒక్కటి జాకీతో ఎత్తండి. లివరు టూ వీల్‌లో ఉన్నప్పుడు ఆ చక్రం చేత్తో తిరగాలి. లివరు ఫోర్ వీల్‌లో వేసి, చక్రాన్ని ఇరుసుకు కలిపే హబ్ తాళాలు చక్రం మధ్యలో ఉన్న బండి అయితే వాటినీ లాక్ చేశాక, అదే చక్రం తిరగకూడదు. తిరిగితే ముందుకు శక్తి వెళ్లడం లేదు. లివరుతో పనిచేసే పాత బండ్లలో చాలావాటికి ఈ పరీక్ష సరిపోతుంది. ఆ తరువాత ఇసుకలోనో గుల్ల నేలలోనో లో గేరులో నడిపించి, గేరు దానంతట అది ఊడి వస్తుందేమో గమనించండి. నాలుగు టైర్లూ ఒకే సైజు, ఇంచుమించు ఒకే అరుగుదల ఉన్నాయో లేదో కూడా చూడాలి, తేడా ఉంటే ట్రాన్స్‌ఫర్ కేసు దెబ్బతింటుంది. గట్లు ఎక్కువగా ఉన్న సన్నటి టైర్లు రేగడిలో పై బురదను కోసుకుని కింది గట్టి నేలను పట్టుకుంటాయి, వెడల్పు టైర్లు చూడటానికే బాగుంటాయి.

ఇతర బండ్ల గురించి క్లుప్తంగా చెబుతాను. 2023లో వచ్చిన అయిదు తలుపుల మారుతి జిమ్నీ మన దేశంలో అమ్మిన ప్రతి మోడలూ ఫోర్ వీల్ డ్రైవే, నేల నుంచి ఎత్తు 210 మిల్లీమీటర్లు, బరువు 1200 కిలోల దరిదాపు. స్తోమత ఉంటే నేను దానినే సూచిస్తాను. 2020 నాటి కొత్త మహీంద్రా థార్ సమర్థమైనదే కానీ జిమ్నీ కంటే దాదాపు అర టన్ను బరువు. పైగా 2023 జనవరి నుంచి వెనక చక్రాలతో మాత్రమే నడిచే థార్ కూడా అమ్ముతున్నారు, పేరు చూసి కొనకండి. రెనో డస్టర్‌లో నాలుగు చక్రాలకు శక్తి వెళ్లే రకం 2014లో వచ్చింది, దానికి లో గేరు లేదు, రోడ్డుకు సుఖం. బళ్లారి, బెంగళూరు వైపు నుంచి తెచ్చే బండి అయితే అక్కడి ఆర్టీఓ ఇచ్చే నిరభ్యంతర పత్రం (ఎన్‌ఓసీ) లేకుండా ముట్టుకోవద్దు. 15 ఏళ్లు దాటిన బండి అయితే రిజిస్ట్రేషన్ పునరుద్ధరణ అయిందో లేదో చూసుకోండి.

కొన్న తరువాత, దిగబడ్డాక లివరు లాగడం కాదు, బురద మొదలు కాకముందే లాగాలి. తారు రోడ్డు ఎక్కగానే టూ వీల్‌కు మార్చాలి, లేకపోతే మలుపుల్లో ముందు వెనక షాఫ్టులు ఒకదానితో ఒకటి పెనుగులాడి విరగవచ్చు. పొగమంచు పట్టిన తెల్లవారుజామున బ్రేకు వేసినప్పుడు ఏ ఫోర్ వీలూ బండిని తొందరగా ఆపలేదని కూడా గుర్తుంచుకోవాలి.

ఇంకొక్క విషయం చెప్పకుండా దిగిపోలేను. 2021 నవంబరులో అప్పటి మన అనంతపురం జిల్లాలో చిత్రావతి నది పొంగినప్పుడు ఒక కారు చిక్కుకుంది, కాపాడబోయిన జేసీబీ కూడా చిక్కుకుంది, చివరికి పదిమందిని వాయుసేన హెలికాప్టరు పైకి తీసింది. జేసీబీ కన్నా మన జిప్సీ బరువైనది కాదు. బురదలో మేలు చేసే ఆ తేలికదనమే పారే నీటిలో ప్రమాదం. అడుగు లోతు వడి నీరు చిన్న కారును పక్కకు నెడుతుంది. వంక పారుతుంటే ఆగండి, పిల్లలు ఆ పూట పాఠం లేకుండా ఉంటారు, అంతే.

బయట వేపచెట్టు కింద నా జిప్సీ నిలిపి ఉంది. కొత్త షాఫ్టు వేయించి పదమూడేళ్లయింది. జాకీ, రెండు రాళ్లు కూడా తెచ్చాను. భోజనాలకు వెళ్లేముందు ఒక్కొక్కరూ వచ్చి ఆ ముందు చక్రాన్ని మీ చేతులతో రెండు విధాలా తిప్పి చూడండి.