సుగ్గికి పోయిన ఊరు, రాని బస్సు

అందరికీ నమస్కారం. 2027 ఫిబ్రవరిలో మీలో చాలామంది టీచర్లు జనగణనకు ఇంటింటికీ తిరుగుతారు. మీ చేతిలో సెల్‌ఫోన్ యాప్ ఉంటుంది. 2011లో మా చేతిలో కాగితాల కట్ట ఉండేది. తేడా అంతే, నెల మాత్రం అదే. నా బాధంతా ఆ నెల గురించే.

నాకు పడింది కర్నూలు జిల్లా ఆదోని అవతల నల్లరేగడిలో ఉన్న ఒక చిన్న పల్లె. ఫిబ్రవరి 9 నుంచి 28 దాకా లెక్క. వెళ్లి చూస్తే ఒక వీధిలో సగానికి పైగా ఇళ్లకు తాళాలు. ఎందుకో మీకు చెప్పక్కర్లేదు. కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు వైపు సంక్రాంతి దాటిందంటే జనం సుగ్గికి, అంటే కోత కూలి పనులకు వలస పోతారు. బియ్యం, గిన్నెలు, పిల్లలు, అన్నీ లారీ ఎక్కుతాయి. గుంటూరు వైపు మిరప కోతలు అయిపోయి ఉగాదికి తిరిగొస్తారు.

నిబంధన ఏమంటే, ఆ ఇరవై రోజుల్లో ఒక్క రోజైనా ఊళ్లో ఉన్నవాణ్ణి రాయాలి. మొత్తం లేనివాణ్ణి రాయకూడదు. వాళ్లను మిరప చేల దగ్గర రాస్తారు. దేశం లెక్కకు లోటేమీ లేదు. మా ఊరి తలలు మాత్రం వేరే జిల్లా ఖాతాలో పడతాయి.

పడితే ఏమవుతుందంటారా? 2000 డిసెంబర్‌లో మొదలైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన చూడండి. మైదానంలో 500 మంది ఉన్న ఆవాసానికి రోడ్డు. ఏజెన్సీలో 250 చాలు. పీఎం జన్‌మన్ పథకంలో చెంచుల్లాంటి ఆదిమ తెగల గూడేలకైతే 100కి తగ్గించారు, మంచిదే. మనకు మాత్రం 500. మొదట్లో 2001 లెక్క చూశారు, అదీ ఫిబ్రవరిలో తీసిందే. 2024 సెప్టెంబర్‌లో ఆమోదించిన నాలుగో దశకు 2011 లెక్క ఆధారం. అంటే నేను ఆ రోజు తాళం చూసి వదిలేసిన ఇళ్లు ఇప్పటికీ లెక్కలోకి రావు.

దూరం సంగతి ఇంకో తమాషా. జనగణన గ్రామాల వివరాల పుస్తకంలో బస్సు ఊళ్లోకి రాకపోతే ఒక అక్షరం వేస్తారు. 5 కిలోమీటర్ల లోపు దొరికితే ఎ, 5 నుంచి 10 అయితే బి, 10 దాటితే సి. మా ఊరికి ఎ. వానాకాలంలో ఆ రేగడి బురదలో చెప్పులు చేత్తో పట్టుకుని నాలుగు కిలోమీటర్లు నడిచిన గర్భిణికి కూడా ఎ గ్రేడే!

ఆ ఊరికి ఒకప్పుడు నైట్ హాల్ట్ బస్సుండేది. పల్లెవెలుగు రాత్రికి వచ్చి రచ్చకట్ట దగ్గర ఆగేది. డ్రైవరూ కండక్టరూ అక్కడే పడుకుని తెల్లారి మొదటి ట్రిప్పు తీసేవాళ్లు. కాలేజీ పిల్లలకు అదే ఆధారం. జనవరి నుంచి బస్సు ఖాళీ, కలెక్షన్ లేదు, ఓఆర్ (సీట్లు నిండే శాతం) పడిపోయిందన్నారు. కొన్నాళ్లకు తీసేశారు. ఉగాదికి జనం తిరిగొచ్చారు, బస్సు రాలేదు. అప్పట్నుంచీ షేర్ ఆటోలే. సాయంత్రం ఏడు దాటితే అవీ ఉండవు. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి కింద ఆడవాళ్లకు బస్సు ఉచితం కదా, ఆధార్ కార్డు చూపిద్దామంటే ముందు బస్సేదీ అని ఆ ఊరి ఆడవాళ్లు నన్నే అడుగుతున్నారు.

కాబట్టి మీరు తాళం వేసిన ఇల్లు చూసి ఊరికే ముందుకు పోవద్దు. పక్కింట్లో అడగండి, ఎప్పుడు వెళ్లారో తేదీ కనుక్కోండి. లెక్క జరిగే రోజుల్లో ఒక్క రోజు ఉండి వెళ్లినా వాళ్లు మీ లెక్కే. పంచాయతీ వాళ్లతో చెప్పి, వీలైనవాళ్లు నాలుగు రోజులు ఆగి పోయేట్టు ముందే దండోరా వేయించండి.

ఆ రోజు ఒక ఇంటి అరుగు మీద ఒక అవ్వ ఒక్కతే కూర్చునుంది. కొడుకు, కోడలు, ముగ్గురు పిల్లలు పండగ మరుసటి వారమే పోయినారంది. నేను ఒక్క పేరే రాసుకుని లేస్తుంటే, "వాళ్లవి కూడా రాసుకో నాయనా, వాళ్ల బియ్యం కార్డులు ఈడే ఉండాయి" అని లోపలికి పోయి కార్డు తెచ్చి నా చేతిలో పెట్టింది. నేను చూసి తిరిగిచ్చేశాను.