సల్సాకి తాలింపు వద్దు

శ్రోతలకు నమస్కారం.

టమాటా పచ్చడి చెయ్యని ఇల్లు మన కృష్ణా, గుంటూరు జిల్లాల్లో కనపడదు. కాల్చి నూరేవాళ్లున్నారు, నూనెలో మగ్గించి నూరేవాళ్లున్నారు, ఎండబెట్టి ఏడాదికి సరిపడా నిలవ పెట్టేవాళ్లున్నారు. అలాంటి మనకి మెక్సికో వాళ్ల సల్సా నేర్చుకోవాల్సిన పనేముంది అనిపించవచ్చు. టమాటా, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కొత్తిమీర, నిమ్మరసం, ఉప్పు. పచ్చి సల్సాకి కావలసినవి ఇంతే. అన్నీ మన వంటింట్లో ఉన్నవే. చిక్కల్లా ఎక్కడంటే, ఇవన్నీ గిన్నెలో పడగానే మన చెయ్యి దానంతటదే పోపుల డబ్బా మీదకి వెళ్తుంది. మా అత్తయ్యగారు మొదటిసారి చూసి, "అంతా బాగానే ఉందమ్మా, తాలింపు ఎప్పుడు పెడతావు?" అని అడిగారు. పెట్టనండీ, ఇది ఇంతే అంటే ఆవిడకి నమ్మకం కలగలేదు. ఈ రోజు నేను మీకు గట్టిగా చెప్పదలచుకున్నదీ అదే. సల్సాకి తాలింపు పెట్టకండి. ఇంగువ వద్దు, ఆవాలు వద్దు, చింతపండు వద్దు, చుక్క నూనె కూడా వద్దు.

మన పచ్చడి అన్నంలోకి. వేడి అన్నంలో కలిసి ముద్ద ముద్దకీ రుచి తగలాలంటే నూనె పడాలి, పులుపు చిక్కగా ఉండాలి, ఉప్పూ కారం దండిగా ఉండాలి. సల్సా అన్నం కోసం పుట్టింది కాదు. మెక్సికోలో మొక్కజొన్న రొట్టెలో మాంసమో, ఉడికించిన చిక్కుడు గింజలో పెట్టుకుని, పైన ఒక చెంచా సల్సా వేసుకుంటారు. లేదా మొక్కజొన్న చిప్స్ ముంచుకుని తింటారు. కిందున్నది బరువైన తిండి కాబట్టి పైన పడేది పచ్చిగా, చల్లగా, రసం ఊరుతూ ఉండాలి. వేడి నూనె తగిలిన క్షణం ఆ పచ్చిదనం పోతుంది. అప్పుడది మన పచ్చడికి తమ్ముడవుతుంది గానీ సల్సా అవదు.

ముందు టమాటాల సంగతి. విజయవాడలో పటమట రైతు బజారుకి వెళ్లినా, వన్‌టౌన్‌లో కాళేశ్వరరావు మార్కెట్‌కి వెళ్లినా రెండు రకాలు అడగవచ్చు. కోలగా, గట్టిగా, తోలు మందంగా ఉండేవి బెంగళూరు టమాటాలు. గుండ్రంగా, మెత్తగా, పుల్లగా ఉండేవి నాటువి. రుచి నాటుదే, అందులో సందేహం లేదు. కాకపోతే దాంట్లో నీళ్లు, గింజలు ఎక్కువ. పచ్చి సల్సాలో ముక్క నిలబడాలి కాబట్టి నేను రెండూ సగం సగం తీసుకుంటాను. మదనపల్లె వైపు నుంచి లారీల్లో వచ్చే కాయని దూరప్రయాణం కోసం దోరగా ఉండగానే కోస్తారు. అలాంటివి తెచ్చుకుంటే రెండు రోజులు పళ్లెంలో పరిచి, ఎర్రగా పండనివ్వండి. ఫ్రిజ్‌లో మాత్రం పెట్టకండి. ఆ చలికి టమాటాలో వాసన తగ్గిపోతుంది. పచ్చడి అయితే పోపు వాసన ఆ లోటుని కప్పేస్తుంది. సల్సాలో కప్పేది ఏదీ లేదు.

మిరపకాయ దగ్గర గుంటూరు వాళ్లకి ప్రత్యేకంగా ఒక మాట చెప్పాలి. మెక్సికోలో పచ్చి సల్సాకి ఎక్కువగా వాడే రకాల్లో హలపేనో ఒకటి. కారాన్ని కొలవడానికి విల్బర్ స్కోవిల్ అనే అమెరికా ఫార్మసిస్టు 1912లో ఒక పద్ధతి పెట్టాడు. ఆ లెక్కలో హలపేనో కారం సుమారు 2,500 నుంచి 8,000. మన గుంటూరు సన్నం ఎండుమిర్చిది 35,000 పైమాటే. అంచేత విదేశీ వంటల పుస్తకంలో నాలుగు మిరపకాయలు అని రాసి ఉంటే మన మిరపకాయలు నాలుగూ వెయ్యకూడదు. అలాగని ఒక్కటే వేసి ఊరుకుంటే కారం సరిపోతుంది గానీ మిరపకాయ రుచి చాలదు. దీనికి మన బజార్లోనే మంచి ఉపాయం ఉంది. బజ్జీ మిరపకాయ తీసుకోండి. కండ ఉంటుంది, కరకరలాడుతుంది, పచ్చి మిరప వాసన నిండుగా ఉంటుంది, కారం తక్కువ. దానికి తోడు మామూలు పచ్చిమిర్చి ఒకటి చాలు. కారం ఇంకా తగ్గించాలంటే గింజలు దులపడం ఒక్కటే సరిపోదు. గింజలు అంటుకుని ఉండే తెల్లటి పొరని గీకెయ్యాలి, కారం పుట్టేది అక్కడే. తరిగే ముందు చేతులకి కాస్త నూనె రాసుకుంటే మంట అంటదు. తిన్నాక నోరు మండితే నీళ్లు పనిచెయ్యవు, మజ్జిగ తాగండి.

ఇక చెయ్యడం. అరకిలో టమాటాలు చిన్న ముక్కలు కోసి, ముప్పావు చెంచా ఉప్పు కలిపి, చిల్లుల గిన్నెలో పావుగంట వదిలెయ్యండి. మిగులు నీళ్లు కిందకి దిగుతాయి. వాటిని పారబొయ్యకండి, చారులోకి పనికొస్తాయి. ఒక మాదిరి ఉల్లిపాయ సన్నగా తరిగి, ఆ ముక్కల్ని చన్నీళ్లలో ఒకసారి జాడించి పిండితే ఘాటు తగ్గుతుంది. ఒక బజ్జీ మిరపకాయ, ఒక పచ్చిమిర్చి, కాడలతో సహా గుప్పెడు కొత్తిమీర. కొత్తిమీర కాడలు పారేసేవాళ్లని చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది, రుచంతా అందులోనే ఉంటుంది. అన్నీ కలిపి ఒక నిమ్మకాయ పిండండి. మనం వాడే సన్నతోలు నిమ్మకాయా, మెక్సికో వాళ్లు సల్సాలో పిండే చిన్న నిమ్మకాయా ఒకే జాతివి. కాబట్టి తెనాలి నిమ్మకాయతో చేసింది తక్కువ రకం సల్సా అనుకోనవసరం లేదు. ఇరవై నిమిషాలు ఊరనిచ్చి, రుచి చూసి, అప్పుడు ఉప్పు సరిచేసుకోండి.

రెండో పద్ధతి నాకు మరీ ఇష్టం. ఇనప పెనం బాగా కాలనిచ్చి, నూనె వెయ్యకుండా నాలుగు నాటు టమాటాలు, నాలుగు తోలు తియ్యని వెల్లుల్లి రెబ్బలు, రెండు పచ్చిమిరపకాయలు పరవండి. మిరపకాయలకి చిన్న గాటు పెట్టండి, లేకపోతే పేలి మీద పడతాయి. టమాటా తోలు నల్లగా మాడి, లోపల మెత్తబడేదాకా తిప్పుతూ ఉండాలి. ఆ మాడు చూసి కంగారు పడకండి, రుచికి మూలం అదే. తరవాత రోలు కడిగి తుడిచి, ముందు ఉప్పు, వెల్లుల్లి, మిర్చి నూరి, ఆఖరున టమాటాలు వేసి నాలుగు దెబ్బలు వెయ్యండి. మెక్సికోలో దీనికి మూడు కాళ్ల నల్లరాతి రోలు వాడతారు, మోల్కాహేతె అంటారు. మిక్సీలో వేస్తే గాలి చేరి, నురగ వచ్చి, రంగు వెలిసిపోతుంది. రోలు ఉన్న ఇంట్లో సల్సా మిక్సీలో తిప్పడం నాకు నచ్చదు.

ఇంతకీ టమాటా, మిరపకాయ రెండూ సాగులోకి వచ్చింది అమెరికా ఖండాల్లోనే. 16వ శతాబ్దంలో స్పెయిన్ నుంచి వెళ్లిన బెర్నార్దినో దె సాహగూన్ అనే మతగురువు, అక్కడి సంతల్లో మిరప, టమాటా, గుమ్మడి గింజలతో చేసిన సల్సాలు అమ్మేవారని రాసిపెట్టాడు. అప్పటికి వాటిలో కొత్తిమీర లేదు, నిమ్మరసం లేదు. ఆ రెండూ స్పెయిన్ ఓడల్లో ఈ పక్క నుంచి వెళ్లాయి. మిరప పోర్చుగీసు వాళ్లతో ఆ పక్క నుంచి మనకి వచ్చింది. గుంటూరు యార్డులో గుట్టలు పోసిన ఎండుమిర్చి బస్తాలు చూసినప్పుడు, అంత దూరం నుంచి వచ్చిన పంటని ఈ నల్లరేగడి ఎంత సొంతం చేసుకుందో అనిపిస్తుంది.

దేంతో తినాలి? మొక్కజొన్న చిప్స్ దొరికితే సరే. లేకపోతే చెక్కలు చక్కగా సరిపోతాయి. మిగిలిన చపాతీలు ముక్కలు చేసి పెనం మీద గట్టిపడేదాకా కాల్చినా బాగుంటాయి. అప్పడం మాత్రం నాకు కుదరలేదు, దాని ఉప్పు సల్సాని మింగేస్తుంది. పెసరట్టులోకి రెండో పద్ధతిలో నూరిన సల్సా చాలా బాగుంటుంది.

చివరిగా నిలవ గురించి. ఈ విషయం దయచేసి శ్రద్ధగా వినండి. సల్సాని ఆవకాయలా జాడీకి ఎత్తకండి. ఆవకాయ నిలిచేది ఉప్పు, ఆవపిండి, కారం, నూనె దండిగా పడబట్టి, తడి తగలనివ్వకపోబట్టి. సల్సాలో నీళ్లు ఎక్కువ, ఉప్పు తక్కువ. టమాటా పులుపు చాలినంత ఉందో లేదో నాలుకకి తెలియదు, కాయకీ కాయకీ మారుతుంది. పులుపు చాలని పదార్థాన్ని గాలి చొరకుండా సీసాలో బిగించి బయట ఉంచితే బొటులిజం అనే ప్రాణాంతకమైన జబ్బుని తెచ్చే విషం తయారయ్యే ప్రమాదం ఉంది. దానికి రంగు మారక్కర్లేదు, వాసనా రానక్కర్లేదు. అందుకని మూత ఉన్న గాజు గిన్నెలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి, పొడి చెంచానే వాడండి, మూడు రోజుల్లో తినెయ్యండి. ఎండాకాలంలో విజయవాడ వేడికి, బల్ల మీద పెట్టిన గిన్నెని గంటలోపే మళ్లీ ఫ్రిజ్‌లోకి చేర్చండి. పిల్లల పుట్టినరోజుకి ఎక్కువ మోతాదులో చేస్తే, చిన్న చిన్న గిన్నెల్లో కొద్దికొద్దిగా బయటికి తీస్తూ ఉండండి.

సెలవు. నమస్కారం.