ఐ5 ఉన్నా విండోస్ 11 రాదా? మావయ్య డీటీపీ షాపులో రెండు పాత సిస్టమ్‌లు

నమస్కారమండీ. ఈసారి కొత్త ల్యాప్‌టాప్ ఏదీ లేదు. విజయనగరం గంటస్తంభం దగ్గర మా మావయ్య డీటీపీ షాపులో ఉన్నాను. రెండు పాత సిస్టమ్‌లు, వాటికి విండోస్ 11 సంగతి చూద్దాం.

మొదటిది ఇంటెల్ ఐ5 6500 ప్రాసెసర్‌ది. ఎనిమిది జీబీ ర్యామ్, ఎస్ఎస్‌డీ నేనే వేశాను. పవర్ నొక్కాను... అదిగో, డెస్క్‌టాప్ వచ్చేసింది. ఇప్పుడు పీసీ హెల్త్ చెక్, అంటే విండోస్ 11కి సిస్టమ్ సరిపోతుందో లేదో చెప్పే మైక్రోసాఫ్ట్ యాప్. సెక్యూరిటీ కీలు దాచే టీపీఎం 2.0కి పచ్చ టిక్కు పడింది. నిన్న బయోస్‌లో పీటీటీ, అంటే ఇంటెల్‌వాళ్లు లోపలే ఇచ్చే టీపీఎం, ఆన్ చేశాను లెండి. సెక్యూర్ బూట్, ర్యామ్ కూడా ఓకే. ప్రాసెసర్ దగ్గర ఎర్ర గుర్తు.

"ఏటిరా, బాగానే నడుస్తంది కదా, మరెందుకు రాదంటంది?" అన్నాడు మావయ్య. న్యాయమైన ప్రశ్నే. విండోస్ 11 అడిగేది 1 గిగాహెర్ట్జ్, రెండు కోర్లు. దీనికి 3.2 గిగాహెర్ట్జ్, నాలుగు కోర్లు ఉన్నాయి. కానీ పక్కన ఇంకో జాబితా ఉంది. ఇంటెల్ అయితే ఎనిమిదో తరం నుంచి, ఏడో తరంలో ఏవో కొన్ని. మనది ఆరో తరం. ఏఎండీలో దాదాపుగా రైజెన్ 2000 నుంచి. సెక్యూరిటీ కోసమని, అర్హత లేనివాటిలో కెర్నల్ క్రాష్‌లు, అంటే సిస్టమ్ మొత్తం ఆగిపోవడాలు, 52 శాతం ఎక్కువని 2021లో మైక్రోసాఫ్ట్ చెప్పింది. సరే. కానీ శుభలేఖలో 'అందరూ ఆహ్వానితులే' అని వేసి, గుమ్మం దగ్గర ఇంటిపేరు అడిగినట్టుంది నాకు.

ఇక రెండోది, కోర్ 2 డ్యుయో. దీని కథ వేరు. విండోస్ 11లో 24హెచ్2 వెర్షన్ నుంచి ప్రాసెసర్‌కి పాప్‌కౌంట్ అనే ఇన్‌స్ట్రక్షన్ తెలిసుండటం తప్పనిసరి. ఈ చిప్‌లో అది లేనే లేదు. రూఫస్ అనే టూల్‌తో చెకింగ్ దాటించినా బూటే అవదు. ఐ5ని వద్దంటున్నారు, దీనికి చేతకాదు. తేడా అది.

లినక్స్ వేసెయ్యమని కామెంట్ పెట్టే తమ్ముళ్లూ, ఆగండి. ఇంటికైతే నేనూ అదే చెబుతా. లినక్స్ మింట్ 22కి రెండు జీబీ ర్యామ్ చాలు, నాలుగుంటే హాయి. 2029 వరకు అప్‌డేట్‌లు వస్తాయి. కానీ ఇక్కడ శుభలేఖలు, కరపత్రాలు అన్నీ పేజ్‌మేకర్‌లో, యూనికోడ్ కాని అను తెలుగు ఫాంట్లతో. ఇక్కడున్న రెండూ విండోస్ సరుకే. ఇన్నేళ్ల ఫైళ్లు యూనికోడ్‌లోకి మార్చుకుంటూ కూర్చుంటే మాఘమాసం ముహూర్తాలు అయిపోతాయి.

అందుకని కోర్ 2 డ్యుయోకి నెట్ కేబుల్ పీకేశాను. పాత ఫైళ్లకే అది. ఐ5లో విండోస్ 10 ఉంచాను. దాని మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగింది కానీ, మైక్రోసాఫ్ట్‌వాళ్ల ఈఎస్‌యూ, అంటే గడువు తర్వాత సెక్యూరిటీ అప్‌డేట్‌లిచ్చే పథకంలో చేరితే సెక్యూరిటీ అప్‌డేట్‌లు 2026 అక్టోబర్ 13 వరకు వస్తాయి. 22హెచ్2 వెర్షన్, మైక్రోసాఫ్ట్ అకౌంట్ ఉండాలి. సెట్టింగ్స్ బ్యాకప్ ఆన్ చేస్తే డబ్బు కట్టక్కర్లేదు.

సెకండ్‌హ్యాండ్ కొనేవాళ్లకి ఒక్క మాట. పోయిన నెల మా ఫ్రెండ్‌కి 'విండోస్ 11 ఉంది' అని ఒక ల్యాప్‌టాప్ అంటగట్టారు. తెరిచి చూస్తే ఐ5 6200యూ, బైపాస్ చేసి వేసినది. ఎక్కడ కొన్నాడో అడక్కండి. మీరు మాత్రం డబ్బు ఇవ్వకముందే సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో అబౌట్ తెరవండి. ఐ5 తర్వాత నాలుగంకెలుండి, మొదటిది ఒకటి కాకపోతే, అది ఎనిమిదో తొమ్మిదో కావాలి. 10210 లాగా అయిదంకెలున్నా, 1135 లాగా నాలుగంకెలు ఒకటితో మొదలైనా మొదటి రెండూ కలిపి చదవండి, 10210 అంటే పదో తరం. ఆరో ఏడో కనబడితే బేరం అక్కడి నుంచి మొదలుపెట్టండి.